అలెగ్జాండరు మరికొన్నేండ్లు జీవించియుండినచో

క్రీ. పూ. 323వ సంవత్సరము జూన్ నెల తొలిదినములలో బాబిలోన్ నగరమున యూఫ్రటీస్ తీరమంతయు పనివారితోను నావికులతోను నిండియుండెను. ఫినీషియాలో నిర్మించిన ఓడలను భాగములుగా విడదీసి, భూమార్గమున థాప్సకస్ అను నదీతీరపు రేవునకు చేర్చి, అచ్చట తిరిగి కూర్చి, ప్రవాహము వెంట బాబిలోనునకు తెచ్చియుండిరి. వేయి యుద్ధనౌకలకు చోటు చాలునట్టి రేవును త్రవ్వుచుండిరి. అరేబియా దండయాత్రకు దినము నిశ్చయమైనది. ముందు పదాతిబలము, మరునాడు రాజుతోకూడ నౌకాబలము కదలవలెనని ఆజ్ఞ. ఇంతలో ఒక రాత్రి మీడియస్ అను మిత్రుని ఇంట విందారగించి వచ్చిన రాజునకు జ్వరము తగిలెను.

మొదట ఎవ్వరును దానిని లెక్కపెట్టలేదు. రాజు మంచముమీదనుండియే నౌకాధిపతియగు నియార్కసునకు ప్రయాణపు ఏర్పాట్లు చెప్పుచుండెను. బయలుదేరు దినము వెనుకకు జరుగుచుండెను. జ్వరము మాత్రము తగ్గలేదు. తుదకు మాట పడిపోయినది. రాజు మరణించియుండగా దాచుచున్నారను అనుమానముతో సైనికులు లోనికి చొరబడి, ఒక్కొక్కరుగా ఆతని మంచము ప్రక్కనుండి నడచిపోయిరి. ఆతడు తల కొంచెమెత్తియు, కన్నులతోను ప్రతివానిని పలుకరించెను. జూన్ 10, 11 తేదీల ప్రాంతమున ప్రాణము పోయినది. గ్రహస్థితులను వ్రాసికొను బాబిలోన్ జ్యోతిష్కుడొకడు తన మట్టిపలకపై ఆ మాసము 29వ దినమున రాజు మరణించెనని, పేరైనను చెప్పక వ్రాసి, ఆ ప్రక్కనే మబ్బుల సంగతి వ్రాసికొనెను. ఆ పలక నేటికిని లండనులోని బ్రిటిష్ మ్యూజియమున కలదు. రాజునకు 33 ఏండ్లు నిండుటకు ఇంకను నెలకు పైగా కలదు.

ఈ కథ చెప్పినప్పుడెల్ల తరగతిలో ఎవరో ఒక విద్యార్థి లేచి, ఆతడు బ్రతికియుండినచో ఏమయ్యెడిదని అడుగును. చరిత్ర జరిగినదానిని చెప్పునే కాని జరుగనిదానిని చెప్పదని ఉపాధ్యాయుడు పాఠము సాగించుట వాడుక. ఆ సమాధానము తప్పు కాదు. కాని ప్రశ్నయు చిన్నది కాదు. రోము చరిత్రకారుడగు లివీ రెండువేల ఏండ్ల క్రిందటనే తన గ్రంథము తొమ్మిదవ భాగమున కథను నిలిపి, అలెగ్జాండరు ఇటలీపైకి వచ్చియుండినచో రోమనులే గెలిచియుందురని వాదించెను. ఆ వాదమున స్వదేశాభిమానము పాలు కొంత హెచ్చు. 1969లో ఆర్నాల్డ్ టాయిన్బీ ఆతనికి 69 ఏండ్ల ఆయువు కల్పించి ఒక క్రొత్త లోకమునే నిర్మించి చూపెను. మనము అంతదూరము పోవలసిన పనిలేదు. ఆతని జీవితమును ఒకమారు తిరిగి చూచి, మరణము దేనిని ఆపివేసెనో, దేనికి దారి విడిచెనో వేరుపరచి చూడగలిగిన చాలును.

అలెగ్జాండరు క్రీ. పూ. 356లో మాసిడోనియా రాజధానియగు పెల్లాలో జన్మించెను. తండ్రి రెండవ ఫిలిప్, తల్లి ఒలింపియాస్. పదమూడవయేట అరిస్టాటిల్ ఆతనికి గురువుగా వచ్చెను. గురువు గొప్పవాడగుటచేత శిష్యుని గొప్పతనమంతయు అచ్చటనుండియే వచ్చినదని మన పాఠములలో చెప్పుదురు కాని, తండ్రికి ఆతడు పడిన ఋణము అంతకంటె పెద్దది. పొడుగు బల్లెములు పట్టిన పదాతులను, వారికి తోడుగా అశ్వబలమును తీర్చిదిద్దినవాడు ఫిలిప్. గ్రీకు నగరములను లోబరచినవాడును, పర్షియాపై యుద్ధమును సంకల్పించినవాడును ఆతడే. క్రీ. పూ. 336లో కుమార్తె వివాహోత్సవమున ఫిలిప్ హత్య చేయబడగా, సిద్ధమైన ఖడ్గము ఇరువది ఏండ్ల కుమారుని చేతికి వచ్చెను. మరుసటి ఏడు తిరుగబడిన థీబ్స్ నగరమును ఆతడు నేలమట్టము చేసి, పిండార్ కవి నివసించిన ఇంటిని మాత్రము విడిచిపెట్టెను.

పిమ్మటి యుద్ధములు విద్యార్థులు ఎరిగినవే. క్రీ. పూ. 334లో ఆసియాలో కాలిడుట, 333లో ఇస్సస్, 332లో ఏడు నెలల టైరు ముట్టడి, 331లో ఈజిప్టున అలెగ్జాండ్రియా స్థాపన, ఆ ఏటనే గాగమేలా విజయము, 330లో పెర్సిపోలిస్ దహనము. ఈ జాబితాను కంఠస్థము చేయు విద్యార్థి గమనింపవలసినది మరియొకటి కలదు. మృత్యువు ఆతనిని వెదకుకొనుచు వచ్చుట బాబిలోనులో మొదటిసారి కాదు. గ్రానికస్ నదీతీరపు తొలి యుద్ధమున ఒక పర్షియను ఆతని తలపై వ్రేటు వేయబోవగా, క్లైటస్ అను సేనాని అడ్డుపడి ఆ చేతిని నరికెను. మరుసటి ఏడు టార్ససులో చల్లని ఏటినీట స్నానమాడి జ్వరముపాలై, మంచము పట్టెను. పంజాబులో మల్లాయి అని గ్రీకులు వ్రాసిన మాలవుల కోటలోనికి ముగ్గురు నలుగురితో దుమికి, రొమ్మున బాణపు దెబ్బ తినెను. ఆతడు గతించెనను పుకారు పుట్టి బాక్ట్రియా చేరగా, అచ్చట స్థిరపరచిన గ్రీకులలో కొందరు ఆ పుకారు విన్నంతనే తిరుగబడి స్వదేశమునకు బయలుదేరిరి. సామ్రాజ్యము ఒక మనిషి ఊపిరిమీద ఆధారపడియుండెనని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

(గ్రానికస్ కడ ప్రాణము నిలిపిన క్లైటసును, క్రీ. పూ. 328లో సమర్కండులో పానగోష్ఠిలో మాట మాట పెరిగి అలెగ్జాండరే ఈటెతో పొడిచి చంపెను. ఆ పిదప దినములకొలది అన్నపానములు మాని దుఃఖించెనందురు. పోయిన ప్రాణము తిరిగి రాలేదు.)

క్రీ. పూ. 326లో సింధునది దాటి, తక్షశిల ప్రభువగు అంభి ఆతిథ్యము పొంది, జీలం తీరమున పురుషోత్తముని జయించి, విపాశ ఒడ్డున ఆతడు నిలిచిపోవలసి వచ్చెను. ఆవల మగధను ఏలు నందుల సేనలలో మూడువేలకు పైబడిన ఏనుగులు కలవని వార్త. ఎనిమిదేండ్లుగా నడచిన సైనికులు ఇక కదలమనిరి. రాజు మూడు దినములు డేరా విడిచి రాలేదు. వారి మనసు మారలేదు. పండ్రెండు బలిపీఠములు కట్టించి వెనుదిరిగెను. లోకమున ఏ రాజును ఓడింపని ఆ మనిషిని ఓడించినది సొంత సైన్యమే. తిరుగుప్రయాణమున మక్రాన్ ఎడారి ఆ సైన్యములో లెక్కకు మిక్కిలి మందిని మ్రింగెను.

మన ప్రశ్నకు సంబంధించినంతవరకు ఆతని జీవితమున ముఖ్యమైన సంవత్సరము క్రీ. పూ. 324. పాఠ్యగ్రంథములు దీనిని రెండు పంక్తులలో దాటిపోవును. ఆ ఏడు సూసా నగరమున ఆతడు 80 మందికి పైబడిన తన అధికారులకు పర్షియా ప్రభువుల కుమార్తెలనిచ్చి ఒక్కమారే వివాహములు జరిపించెను. తానును డరియస్ కుమార్తెను పెండ్లాడెను. ఆసియా స్త్రీలను భార్యలుగా స్వీకరించియున్న సైనికులు పదివేలమంది పేర్లు వ్రాయించుకొని కానుకలు పొందిరి. మాసిడోనియా పద్ధతిని ఆయుధవిద్య నేర్చిన 30,000 మంది ఆసియా యువకులు కవాతు చేయుచు వచ్చిరి. ముసలి మాసిడోనియనులకు కడుపు మండినది. ఓపిస్ వద్ద వారు తిరుగబడగా, అలెగ్జాండరు నాయకులను శిక్షించి, పర్షియనులతోనే సైన్యమును నింపుకొందునని కనబరచెను. వారు కన్నీటితో వచ్చి లొంగిరి. పిమ్మట తొమ్మిదివేలమందికి విందు చేసి, రెండు జాతులును కలిసి రాజ్యమున పాలు పంచుకొనవలెనని ప్రార్థించెను. ఈ విందును చూచి టార్న్ పండితుడు అలెగ్జాండరు మానవజాతి ఏకత్వమును కలగన్న మహర్షియనెను. 1958లో బాడియన్ ఆ మాట నిలువదని చూపెను. నాకును రెండవవారి మాటయే సత్యమునకు దగ్గరగా తోచుచున్నది. ఆనాడు ఆతడు కలుపజూచినది పాలించు రెండు జాతులనే కాని, పాలింపబడు కోట్లాది జనులను కాదు. అయినను గెలిచినవాడు ఓడినవానిని తన పంక్తిని కూర్చుండబెట్టుకొనుట ఆ కాలమునకు సామాన్యమైన పని కాదు.

ఇక మరణించిన దినమునకు రాజ్యస్థితి ఏమి? వారసుడు లేడు. రొక్సానా గర్భవతి. సవతి సోదరుడు అర్రిడేయస్ మందబుద్ధి. ఉంగరము మాత్రము పెర్డికాస్ చేతికి చేరెను. రాజు కాగితములలో కనబడిన సంకల్పములను పెర్డికాస్ సైన్యము ముందర చదివించెనని డియోడోరస్ వ్రాసెను. కార్థేజిపై యుద్ధమునకు వేయి పెద్ద నౌకలు, ఆఫ్రికా ఉత్తరతీరము వెంట జిబ్రాల్టరు వరకు బాట, ఒక్కొక్కటి 1,500 టాలెంట్ల వ్యయముతో ఆరు దేవాలయములు, ఈజిప్టు పిరమిడ్లలో పెద్దదానికి సాటిగా తండ్రికి సమాధి, ఆసియా ప్రజలను ఐరోపాకును ఐరోపా ప్రజలను ఆసియాకును తరలించుట. ఈ జాబితా యథార్థమా యని సందేహించు పండితులును కలరు. సైనికులు మాత్రము అంతయు విని, వలదని త్రోసిపుచ్చిరి. ఆతడు బ్రతికియున్నన్నాళ్లు ఎదురాడుటకు జంకిన నోళ్లు ఒక్క మాటతో వాని నన్నింటిని ముగించినవి.

ఇందులో ఏది జరిగియుండెడిది? నా మట్టుకు అరేబియా యాత్రను మాత్రము నిశ్చయముగా లెక్కలోనికి తీసికొందును. మిగిలినవి కాగితముమీదివి, ఇది రేవులో లంగరు వేసియున్నది. తీరమును పరీక్షించుటకు ఆతడు ముందుగా మూడు ఓడలను పంపెను. ఒకటి నేటి బహ్రెయిన్ దీవిని చూచి వచ్చెను. ఇంకొకటి మరికొంత దూరము పోయి, ఎడారి అంతులేదని వెనుదిరిగెను. భూమార్గమున సాగు సైన్యమునకు మక్రాన్ గతియే పట్టియుండవచ్చును. కాని ఓడలు ఎర్రసముద్రము చేరియుండినచో, ఈజిప్టునకును సింధుముఖమునకును నడుమ నీటిబాట అప్పుడే తెరచుకొనెడిది. గ్రీకు నావికులు ఋతుపవనముల రహస్యము తెలిసికొని ఎర్రసముద్రమునుండి నేరుగా మన దేశమునకు వచ్చుట క్రీ. పూ. రెండవ శతాబ్ది చివరకు కాని జరుగలేదు. ఆంధ్రదేశమున దొరకిన రోమను నాణెములు ఆ వర్తకపు ఫలములు. ఆ బాట రెండువందల ఏండ్లు ముందుగా పడియుండినచో మన రేవుల చరిత్ర మరియొక విధముగా ఆరంభమై యుండెడిది.

పశ్చిమమున ఏమయ్యెడిదో లివీకి ఉన్నంత ధైర్యము నాకు లేదు. ఆనాటికి రోము సామ్నైటులతో పోరుచున్న మధ్య ఇటలీ రాజ్యము మాత్రమే; రెండేండ్లకే కాడియం కనుమలో దాని సైన్యము చిక్కి, కాడి క్రింద తలవంచి బయటపడెను. కాని ఏథెన్సు సంగతి చెప్పవచ్చును. 324లో ప్రవాసులనెల్ల వారి వారి నగరములు తిరిగి చేర్చుకొనవలెనని అలెగ్జాండరు శాసించెను. దానివలన సామోస్ ద్వీపమును కోల్పోవలసిన ఏథెన్సు లోలోన కత్తులు నూరుచుండెను. రాజు మరణవార్త రాగానే యుద్ధమునకు దిగెను. రాజుగారి గురువను నిందతో అరిస్టాటిల్ ఆ నగరము విడిచిపోయి మరుసటి ఏడు మరణించెను. ఏథెన్సు ఓడిపోగా డెమాస్తనీస్ విషము త్రాగెను. అలెగ్జాండరు బ్రతికియున్నచో ఈ యుద్ధము తప్పెడిది కాదేమో కాని, దానికి థీబ్స్ గతి పట్టకుండెడిదని ఎవ్వరు హామీ ఇత్తురు?

మన దేశమునకు వత్తము. అలెగ్జాండరు మరణమువలననే చంద్రగుప్తునకు దారి దొరకెనని సాధారణముగా చెప్పుదురు. అది సగము సత్యము. సింధుతీరమున ఆతడు నిలిపిన పాలకుడు ఫిలిప్, రాజు ఇంకను జీవించియుండగనే, ఆతడు మన దేశము విడిచిన కొలది కాలములోనే హత్య చేయబడెను. ఆ పదవికి మరియొక సేనతో ఎవరిని పంపుటకును రాజునకు వీలు పడలేదు. అంభిని, యూడిమస్ అను సేనానిని చూచుకొనుమని ఉత్తరువు పంపి ఊరకుండెను. 323లో ఆతని ముఖము అరేబియావైపు, ఆవల పడమటివైపు తిరిగియున్నది. కనుక పంజాబు జారిపోవుట ఎట్లును జరుగుచునే యుండెను. మగధ సింహాసనమునకు చంద్రగుప్తుని రాకను అలెగ్జాండరు ఆపియుండునని నేను నమ్మను.

తేడా వచ్చునది తరువాత. క్రీ. పూ. 305 ప్రాంతమున సెల్యూకస్ సింధునది కడకు వచ్చినప్పుడు ఆతని వెనుక ఆంటిగోనస్ అను ప్రబల శత్రువు పొంచియుండెను. అందుచేతనే కాబూలు, కాందహారు, మక్రాన్ ప్రాంతములను చంద్రగుప్తునకు విడిచి, 500 ఏనుగులు పుచ్చుకొని పోయెను. నాలుగేండ్లకు ఇప్సస్ యుద్ధమున ఆ ఏనుగులే ఆతనికి విజయము తెచ్చెను. అదే నదీతీరమున 51 ఏండ్ల అలెగ్జాండరు వచ్చి నిలిచినట్లు ఊహింపుడు. వెనుక శత్రువు లేడు. ఆసియా ధనాగారమంతయు చేతిలో కలదు. ఆ వయస్సు అసంభవము కాదు. ఆతని తోడి సేనానులు గట్టి పిండములు: టాలమీ ఎనుబది దాటి మరణించెను, ఆంటిగోనస్ ఎనుబది ఏండ్లు పైబడి యుద్ధభూమిలో పడెను. అట్టివానికి ఏనుగులు చాలవు. కాందహారులో 1958లో బయటపడిన, గ్రీకు అరమాయిక్ భాషలలోని అశోకుని శాసనము ఆ బండపై వెలసియుండెడిదా యనునది నిజముగా సందేహమే.

ఇంతవరకు మరణము ఆపినవానిని చూచితిమి. అది దారి విడిచినవి ఇంకను ఎక్కువని నా మనవి. అలెగ్జాండరు కీర్తిలో మనము జమకట్టు వానిలో చాల భాగము ఆతడు చనిపోవుటవలన కలిగినవే. అలెగ్జాండ్రియా ఆతడు పునాది వేసిన పట్టణమే కాని, ఆతడు బ్రతికియున్నంతకాలము అది ఒక రాష్ట్రపు రేవు. ఆతడు రాజధానిగా తలచినది బాబిలోన్. శవమునైనను సొంతము చేసికొనిన రాజునకు గౌరవమని ఎంచి, మాసిడోనియాకు పోవుచున్న ఆతని దేహమును దారి మళ్లించి ఈజిప్టునకు చేర్చినవాడు టాలమీ. అలెగ్జాండ్రియా గ్రంథాలయము, విద్యాపీఠము ఆ వంశమువారు పెంచినవి. ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలతను లెక్కకట్టినది ఆ నీడనే. రాజులు పలువురై ఒకరితో ఒకరు పోటీపడిననాడు పండితునకు ఆదరము హెచ్చును. ఒక్కడే చక్రవర్తియై, వానికిని ఎప్పుడును గుర్రముమీదనే కాలము గడచినచో గ్రంథాలయము ఎవరు కట్టింతురు? ఆతడు పదమూడేండ్లు రాజుగా నుండియు, ఒక సంవత్సరము నిలుకడగా ఒక నగరమున కూర్చుండి పాలించి ఎరుగడు. ఆయువు పెరిగినంతమాత్రమున ఆ స్వభావము మారెడిదని చెప్పుటకు ఆతని జీవితమున ఆధారము కానరాదు.

ఆంధ్రులకును ఇందొక చిన్న లెక్క కలదు. మెగస్తనీస్ సెల్యూకస్ రాయబారియై పాటలీపుత్రమునకు వచ్చెను. ఆంధ్రులకు ప్రాకారములు గల 30 పట్టణములు, లక్ష పదాతులు, 2,000 అశ్వములు, 1,000 ఏనుగులు కలవని రోము రచయిత ప్లినీ వ్రాసిన మాటకు మూలము మెగస్తనీసు గ్రంథమేయని పండితులు పలువురి అభిప్రాయము. సెల్యూకస్ రాజు కాకున్నచో ఆ రాయబారము లేదు. ఆ పంక్తియు మనకు దక్కెడిది కాదేమో.

మిగిలినది సూసా వివాహముల కథ. రాజు కన్ను మూయగానే ఆ అధికారులలో చాలమంది తమ పర్షియా భార్యలను విడిచిపెట్టిరి. రొక్సానా, తన సవతియగు డరియస్ కుమార్తెను చంపించెను. రొక్సానాకు పుట్టిన పసివాడు నాలుగవ అలెగ్జాండరను పేరుతో రాజనిపించుకొని, క్రీ. పూ. 310 ప్రాంతమున తల్లితోపాటు కసాండర్ ఆజ్ఞచే రహస్యముగా చంపబడెను.  భార్యను విడువనివారిలో ప్రసిద్ధుడు సెల్యూకస్. ఆమె పేరు అపామా. అలెగ్జాండరును సోగ్డియానాలో ముప్పుతిప్పలు పెట్టిన స్పిటమెనీస్ కుమార్తె. వారి కొడుకు మొదటి ఆంటియోకస్, మనుమడు రెండవ ఆంటియోకస్.

గుత్తికి సమీపమున, కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్లపై అశోకుని పదునాలుగు శిలాశాసనములు కలవు. పదమూడవదానిలో చక్రవర్తి తన ధర్మవిజయము చేరిన దేశముల రాజులను పేర్కొనును. ఆ పేర్లలో మొదటిది అంతియోకుడు, అపామా మనుమడే. పిదప టాలమీ, ఆంటిగోనస్, మాగస్. చివర నొక అలికసుందరుడు. ఇతడు మన అలెగ్జాండరు కాడు, ఆ పేరు పెట్టుకొనిన తరువాతి తరపు చిన్నరాజు. ఆ యవనరాజుల పేర్ల వెంట కొంత క్రిందుగా అదే శాసనమున ఆంధ్రుల పేరును చెక్కబడియున్నది.